చుట్టిన గుడ్డల్లోనే చల్లబడుతున్న బిడ్డ: లోపం ఎక్కడ జరుగుతోంది?

వేకువ (స్టాఫ్ నర్స్, ప్రసూతి వార్డు) · సోమవారం, రాత్రి 9:10

చర్చ కోసం ఒక కేసు పెడుతున్నాను. నెలలు నిండి సిజేరియన్‌లో పుట్టిన బిడ్డ, బరువు 2.3 కిలోలు. పుట్టగానే ఏడ్చింది, ఊపిరికి ఇబ్బంది లేదు. థియేటర్‌లో తుడిచి, టవల్‌లో చుట్టి బయట బంధువుల చేతికి ఇచ్చారు. వాళ్లు పైన ఇంకో టవల్ చుట్టారు. గంట తర్వాత వార్డులో చంకలో చూస్తే 35.8 డిగ్రీలు. పాదాలు చల్లగా ఉన్నాయి, పొట్ట కూడా అంతంతమాత్రం వెచ్చగానే ఉంది. మూడో పొరగా దుప్పటి వేసి అరగంట ఆగితే 35.7. గదిలో ఫ్యాన్ ఆపే ఉంది. ఇన్ని పొరలున్నా వేడి ఎందుకు పెరగదు? లెక్కలన్నీ సెల్సియస్‌లో చెప్పండి.

పాలవెల్లి (పిల్లల డాక్టర్, ఎస్‌ఎన్‌సీయూ - నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం) · రాత్రి 9:42

వేకువ గారూ, దుప్పటి వేడిని పుట్టించదు. ఉన్న వేడిని పోనివ్వదు, అంతే. చల్లబడ్డాక చుడితే చల్లదనాన్ని మూటగట్టినట్టే. వేడి రావాలంటే రెండే దారులు: బిడ్డ తానే తయారుచేసుకోవాలి, లేదా బయటి నుంచి మనం ఇవ్వాలి.

బిడ్డ మనలా వణికి వేడి పుట్టించుకోలేదు. దానికున్న పొయ్యి బ్రౌన్ ఫ్యాట్, అంటే గోధుమరంగు కొవ్వు. మెడ వెనక, రెండు భుజాల మధ్య, చంకల్లో, మూత్రపిండాల చుట్టూ ఉంటుంది. చర్మానికి చలి తగలగానే నార్ అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై ఆ కొవ్వును మండిస్తుంది. ఆ కణాల మైటోకాండ్రియాలో యూసీపీ-1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాని వల్ల వచ్చిన శక్తి అంతా వేడిగానే బయటపడుతుంది. కానీ ఈ పొయ్యికి ఆక్సిజన్ కావాలి, కొవ్వు నిల్వ ఉండాలి. మీ కేసులో నెలలు నిండి కూడా 2.3 కిలోలే. అంటే కడుపులో సరిగా ఎదగని బిడ్డ కావచ్చు, నిల్వ తక్కువ. గంట నుంచి పాలు కూడా పట్టలేదనుకుంటాను. పొయ్యిలో కట్టెలే లేకపోతే పైన ఎన్ని మూతలు పెడితే ఏం లాభం?

35.8 అంటే మధ్యస్థ హైపోథెర్మియా (ఒంటి వేడి ఉండాల్సినదానికన్నా పడిపోవడం). చంక కొలత 36.5 నుంచి 37.5 మామూలు. 36.0 నుంచి 36.4 చలి ఒత్తిడి. 32.0 నుంచి 35.9 మధ్యస్థం. 32 కన్నా తక్కువైతే తీవ్రం.

ఇప్పుడు చేయాల్సింది: పొరలన్నీ విప్పండి. తడి ఉంటే తీసేయండి. తల్లి మెలకువగా, కుదురుగా ఉంటే బిడ్డను ఆమె ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి, టోపీ తొడిగి, ఇద్దరి మీదా దుప్పటి కప్పండి. అది కుదరకపోతే వార్మర్ (పైనుంచి వేడినిచ్చే యంత్రం). మడమ నుంచి షుగర్ చూడండి. 45 మి.గ్రా./డె.లీ. కన్నా తక్కువ ఉండి లక్షణాలేవీ లేకపోతే వెంటనే పాలు పట్టి, అరగంట నుంచి గంటలో మళ్లీ చూడాలి. 20 కన్నా తక్కువైనా, చేతులు కాళ్లు అదరడం, మూర్ఛ, మత్తు ఉన్నా ఆగకూడదు: 10 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) కిలోకు 2 మి.లీ. చొప్పున రక్తనాళంలోకి. ఈ బిడ్డకు 4.6 మి.లీ.

తడిగుడ్డ (నవజాత శిశు పునరుజ్జీవన శిక్షకురాలు) · రాత్రి 10:05

చికిత్స సరే. అసలు వేడి ఎక్కడ పోయిందో చూద్దాం. నా అనుమానం మొదటి టవల్ మీదే.

బిడ్డ ఒంటి మీది ఉమ్మనీరు ఒక మిల్లీలీటరు ఆవిరైతే సుమారు 0.58 కిలోకేలరీలు పట్టుకుపోతుంది. 10 మి.లీ. ఆవిరైందనుకోండి, 5.8 కిలోకేలరీలు. ఒళ్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే కిలోకు సుమారు 0.83 కిలోకేలరీలు పోవాలి. 2.3 కిలోల బిడ్డకు అది 1.9. ఆ వేడంతా బిడ్డ నుంచే పోతే లెక్కకు 3 డిగ్రీలు! తడిగా వదిలేసిన బిడ్డ మొదటి 10-20 నిమిషాల్లోనే 2 నుంచి 4 డిగ్రీలు పడిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించేది ఇందుకే.

అన్నిచోట్లా కనిపించే తప్పు ఒకటే: తుడిచిన టవల్‌లోనే చుట్టేయడం. అప్పుడు బిడ్డ తడిగుడ్డలో ఉన్నట్టు. పైన పొడి టవల్ వేసినా లోపలి తడి ఆరేదాకా వేడి లాగుతూనే ఉంటుంది. రెండు టవళ్లు ముందే వెచ్చబెట్టి ఉంచుకోవాలి. మొదటిదానితో తల, ముఖం, వీపు, చంకలు, తొడల మడతలు తుడిచి దాన్ని పక్కన పారేయాలి. రెండోదానితో కప్పాలి. తల ఒక్కటే ఒంటి ఉపరితలంలో దాదాపు ఐదో వంతు. కాబట్టి ముందు జుట్టు ఆరాలి, వెంటనే టోపీ. తడి జుట్టు మీద టోపీ పెడితే టోపీ కూడా తడుస్తుంది, మార్చాలి.

ఒంటి మీది తెల్లటి జిగురు పూతను గీకి తీయకండి. తుడవాల్సింది తడిని, రక్తాన్ని.

వేకువ · రాత్రి 10:31

అవును, విప్పి చూస్తే లోపలి టవల్ వీపు దగ్గర తడిగానే ఉంది. తల్లికి ఇంకా మగతగా ఉంది, అందుకే వార్మర్‌లో పెట్టాం. షుగర్ 52. వార్మర్ కింద దుప్పటి కప్పి ఉంచొచ్చా?

స్క్రూడ్రైవర్ (బయోమెడికల్ ఇంజనీర్) · రాత్రి 10:38

వద్దు సిస్టర్. వార్మర్ పైనుంచి వచ్చేది వికిరణం. ఎండలో గొడుగు పట్టినట్టే, దుప్పటి కప్పితే వేడి గుడ్డకు తగిలి ఆగిపోతుంది. డైపర్, టోపీ చాలు.

ప్రోబ్ (బిడ్డ చర్మం వేడిని చూసి వార్మర్‌కు చెప్పే సెన్సర్) ఎక్కడ పెట్టారో చెప్పండి. సమస్యల్లో చాలావాటి మూలం అక్కడే.

వేకువ · రాత్రి 10:44

ఛాతీ మీద, ఎడమ వైపు. అంటుకోవట్లేదని బిడ్డ పక్కగా, పరుపుకు ఆనేలా జరిపారు.

స్క్రూడ్రైవర్ · రాత్రి 11:02

అయితే వెంటనే మార్చండి. బిడ్డకూ పరుపుకూ మధ్య ఇరుక్కుంటే ప్రోబ్ వేడిని ఎక్కువ చూపిస్తుంది. యంత్రం 'బిడ్డ వెచ్చగా ఉంది' అనుకుని హీటర్ తగ్గిస్తుంది, బిడ్డ చల్లబడుతుంది. ఊడిపోతే దీనికి పూర్తిగా తిరగబడుతుంది: గది గాలిని చూసి, బిడ్డ చల్లబడిందనుకుని హీటర్‌ను పూర్తి స్థాయికి లేపుతుంది. అలా ఒళ్లు కాలిన బిడ్డలున్నారు. అలారం మోగితే నొక్కి ఆపేయకుండా ముందు ప్రోబ్ చూడాలి.

వెల్లకిలా పడుకున్నప్పుడు కుడి వైపు పక్కటెముకల దిగువన, కాలేయం మీద పెట్టాలి. బోర్లా ఉంటే నడుం పక్కన. ఎముక మీద వద్దు, భుజాల మధ్య వద్దు. అక్కడ పాలవెల్లి మేడం చెప్పిన బ్రౌన్ ఫ్యాట్ ఉంటుంది కాబట్టి రీడింగ్ తప్పుగా ఎక్కువొస్తుంది. చర్మం పొడిగా తుడిచి, మెరిసే రేకు స్టిక్కర్‌తో కప్పాలి. రేకు లేకపోతే పైనుంచి పడే వేడి నేరుగా ప్రోబ్‌ను వేడెక్కిస్తుంది. స్కిన్ మోడ్‌లో (ప్రోబ్‌ను బట్టి హీటర్ తనే సర్దుకునేది) 36.5 పెట్టండి. కాన్పుకు 20-30 నిమిషాల ముందే మాన్యువల్‌లో (హీటర్‌ను మనమే సర్దేది) ఆన్ చేసి పరుపు, టవళ్లు వెచ్చబెట్టండి. బిడ్డను మాన్యువల్‌లో ఉంచాల్సి వస్తే ప్రతి 15 నిమిషాలకు చంక చూడాల్సిందే, అది మర్చిపోతే ప్రమాదం.

ఇంకో మాట. స్కిన్ మోడ్‌లో అంకె 36.5 దగ్గర నిలబడినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. హీటర్ శాతం చూడండి. మొన్నటిదాకా 30 శాతంతో నిలబడిన బిడ్డకు ఇవాళ 80 కావాల్సి వస్తుంటే బిడ్డే వేడి కోల్పోతోంది. హీటర్ దాదాపు సున్నాకు పడిపోతే బిడ్డకు జ్వరం వస్తుండొచ్చు. యంత్రం జ్వరాన్నీ చలినీ దాచేస్తుంది.

పాలవెల్లి · రాత్రి 11:15

ఆ చివరి పేరా ప్రింటు తీసి ప్రతి వార్మర్ పక్కనా అంటించాలి. ఇన్ఫెక్షన్ మొదలైన బిడ్డలో ముందు కనిపించేది చాలాసార్లు ఇదే.

కొండదారి (ఆశా శిక్షకుడు, ఏజెన్సీ ప్రాంతం) · మంగళవారం, ఉదయం 6:20

యంత్రం లేని చోటు గురించి కూడా మాట్లాడాలి. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబర్ తెల్లవారుజామున వేడి సున్నా దాకా దిగుతుంది. అక్కడ ఆశా దగ్గరున్నది ఒక డిజిటల్ థర్మామీటర్, తన చెయ్యి.

చేతి వెనక వైపుతో ముందు పొట్ట, తర్వాత పాదం తాకాలి. రెండూ వెచ్చగా, పాదం గులాబీ రంగులో ఉంటే బాగుంది. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి ఒత్తిడి. రెండూ చల్లగా ఉంటే హైపోథెర్మియా. మధ్య దశే ముఖ్యం. అప్పుడు థర్మామీటర్ ఇంకా 36.4 చూపిస్తుండొచ్చు. పాదాల రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపలికి దాచుకుంటున్నాయి, బ్రౌన్ ఫ్యాట్ మండుతోంది. అంటే బిడ్డ అప్పటికే ఖర్చు మొదలుపెట్టేసింది. అక్కడే ఆదుకుంటే తల్లి ఒడి, పాలు చాలు.

తాకే చెయ్యి ముందు మామూలు వెచ్చదనంలో ఉండాలి. చన్నీళ్లలో కడిగిన చేత్తో తాకితే చల్లటి పాదం కూడా వెచ్చగానే తోస్తుంది.

ముర్రుపాలు (ఏఎన్ఎం) · ఉదయం 7:05

అన్నా, చేతి పరీక్ష మంచిదే కానీ దాన్నొక్కదాన్నే నమ్మమనకండి. పొట్ట ఒక మోస్తరుగా ఉన్నప్పుడు ఇద్దరు ఆశాలు రెండు రకాలు చెబుతారు. అనుమానం రాగానే థర్మామీటర్ తీయాలి. చంక పొడిగా తుడిచి, మొన చంక గుంటలో పైకి ఆనేలా పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి బీప్ వచ్చేదాకా కదలకుండా పట్టుకోవాలి. పాత గాజు థర్మామీటర్లు చాలావరకు 35 దగ్గరే మొదలవుతాయి. 33 డిగ్రీల బిడ్డలోనూ అవి 35 దగ్గరే ఆగి ఉంటాయి, 'కొంచెం తక్కువ' అనుకుని వదిలేస్తాం. తక్కువ అంకెలు చదివేది ఉండాలి. మలద్వారంలో పెట్టి చూడడం మామూలుగా వద్దు, పేగుకు గాయమవుతుంది.

ఫారన్‌హీట్ చూసేవాళ్లకు: 97.7 నుంచి 99.5 మామూలు. 96.8 కన్నా దిగితే బిడ్డను ఆస్పత్రికి తరలించాల్సిన పరిస్థితి.

కొండదారి · ఉదయం 7:18

ఒప్పుకుంటాను. చెయ్యి ముందు, థర్మామీటర్ తర్వాత, ఆ వరుస. కాకపోతే చెయ్యి రోజుకు పదిసార్లు తాకగలదు. తల్లికీ అమ్మమ్మకూ నేర్పాల్సింది అదే.

పచ్చతెర (అనస్తీషియా టెక్నీషియన్) · ఉదయం 8:30

థియేటర్ ఏసీ మీద అందరూ కోప్పడతారని తెలుసు. సర్జన్లు లైట్ల కింద, గౌన్లలో ఉంటారు. 20-21 లేకపోతే చెమట గాయంలో పడుతుంది. కానీ బిడ్డకు కావాల్సింది 25 నుంచి 28. పనికొచ్చే దారి ఒకటుంది: గర్భాశయం కోయడానికి 10-15 నిమిషాల ముందు ఏసీ 25కు పెంచడం, బిడ్డ వెళ్లాక తగ్గించడం. బేబీ కార్నర్ ఏసీ గాలి కింద, తలుపు ఎదుట ఉండకూడదు. రిమోట్ మీది అంకె నమ్మకండి. బిడ్డను పెట్టే బల్ల ఎత్తులో గోడ థర్మామీటర్ తగిలించండి, అక్కడ రెండు మూడు డిగ్రీలు తేడా రావచ్చు.

తల్లికి స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చి ఉంటే ఆమె మెలకువగానే ఉంటుంది. బిడ్డను ఆమె ఛాతీ మీద అడ్డంగా, తెరకు ఇవతల పెట్టొచ్చు. ఒక నర్సు పక్కనే నిలబడి ముక్కు, రంగు చూస్తూ ఉండాలి.

తడిగుడ్డ · ఉదయం 8:51

దానికి తోడు తూనిక. లోహపు పళ్లెంలో బట్టల్లేకుండా పెట్టగానే వీపు వేడి పళ్లేనికి పోతుంది. వెచ్చని గుడ్డ పరిచి, సున్నా చేసి, అప్పుడు బరువు చూడాలి. మొదటి గంటలోనే చూడాల్సిన పని లేదు.

నెలలు నిండని వాళ్ల గురించి కూడా రాస్తున్నా. 32 వారాల లోపు బిడ్డకు తుడవడం కన్నా శుభ్రమైన ప్లాస్టిక్ సంచి మేలు. ఒళ్లు తుడవకుండానే మెడ దాకా సంచిలోకి దించి, తల మాత్రం ఆరబెట్టి టోపీ పెట్టి, వార్మర్ కింద ఉంచాలి. వాళ్ల చర్మం పల్చన, నీరు దానిగుండానే ఆవిరైపోతుంది. సంచి ఆ ఆవిరిని ఆపుతుంది, వార్మర్ వేడిని మాత్రం రానిస్తుంది. ముఖం మీదికి ఎప్పుడూ రాకూడదు. వేడి ఎక్కువ కావడం కూడా జరుగుతుంది, కొలత చూస్తూనే ఉండాలి.

ముర్రుపాలు · ఉదయం 9:40

మూడో రోజు ఇంటికెళ్లాక చేసేవాటి మాటేంటి? మొదటి 24 గంటలు స్నానం లేదని ఆస్పత్రిలో చెప్పి పంపుతాం. ఇంట్లో వెంటనే నలుగు, నీళ్లు, సాంబ్రాణి.

కొండదారి · ఉదయం 10:12

స్నానం వద్దని కాదు, తడిగా ఉండే నిమిషాలు తగ్గించాలని చెబితే ఇంటివాళ్లు వింటారు. తలుపులు మూసి, మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు, మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లతో 5 నిమిషాల్లో ముగించాలి. తల ఆఖరున కడిగి ముందుగా తుడవాలి. నూనె రాసేటప్పుడు ఒళ్లంతా ఒకేసారి విప్పకుండా కాళ్లు అయ్యాక చేతులు, అలా. 2.5 కిలోల లోపు బిడ్డకు బరువు పెరిగేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మంచం కింద కుంపటి మాత్రం అసలు వద్దు. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, వాసన ఉండదు, తల్లీబిడ్డా నిద్రలోనే పోతారు. సాంబ్రాణి పొగ వేడి ఇవ్వదు, ఊపిరితిత్తులను ఇబ్బంది పెడుతుంది. వేడినీళ్ల సీసా ఒంటికి ఆనిస్తే చర్మం కాలుతుంది, బిడ్డ పక్కకు జరగలేదు కదా.

పొదుగు (కేఎంసీ - కంగారూ సంరక్షణ - వార్డు నర్స్) · ఉదయం 11:25

ఇవన్నీ అక్కర్లేకుండా చేసేది తల్లి ఛాతీ. బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా ఛాతీకి కట్టుకునే కంగారూ సంరక్షణ 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. ఇప్పుడది లేనివాళ్ల ప్రత్యామ్నాయం కాదు. 2021లో వచ్చిన పరిశోధనలో మన దేశం సహా ఐదు దేశాల్లో 1.0 నుంచి 1.799 కిలోల బిడ్డలను చూశారు. స్థిరపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే మొదలుపెట్టిన వాళ్లలో 28 రోజుల్లోపు మరణాలు 25 శాతం తగ్గాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత కుదిరితే అంత. ఒక్కో విడత కనీసం గంట, ఊరికే తీసి పెడుతుంటే బిడ్డకు శ్రమే.

కూర్చోబెట్టే తీరు: డైపర్, టోపీ, సాక్సులు తప్ప ఏమీ లేకుండా, రొమ్ముల మధ్య నిలువుగా. తల ఒక పక్కకు తిప్పి కొద్దిగా వెనక్కి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. ఆనితే ఊపిరి ఆగుతుంది. కాళ్లు కప్పలా విడిపోయి ముడుచుకోవాలి. కట్టు గుడ్డ పై అంచు బిడ్డ చెవి దాకా రావాలి, ఛాతీ దగ్గర బిగువు, పొట్ట దగ్గర వదులు. తల్లికి కుదరనప్పుడు నాన్న, అమ్మమ్మ ఎవరైనా సరే.

వేకువ గారూ, మీ బిడ్డ 2.5 కిలోల లోపే కాబట్టి ఇది అక్షరాలా వర్తిస్తుంది.

వేకువ · మధ్యాహ్నం 12:03

అర్ధరాత్రి నుంచి తల్లి ఛాతీ మీదే ఉంది, రెండుసార్లు పాలు పట్టింది. 35.7 నుంచి గంటన్నరలో 36.6. ఎంత వేగంగా పెరిగితే సరైనదని లెక్క?

పాలవెల్లి · మధ్యాహ్నం 12:20

గంటకు అర డిగ్రీ పెరిగితే సరిగా ఎక్కుతున్నట్టు. మొదట ప్రతి 15-30 నిమిషాలకు, 36.5 దాటాక కొన్ని గంటల పాటు గంటకోసారి చూడండి. ఎంత వెచ్చబెట్టినా ఎక్కకపోతే, ఎక్కి మళ్లీ పడిపోతే, పాలు తాగడం మానేస్తే ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. 32 కన్నా దిగిన బిడ్డను 34 దాకా త్వరగా, ఆపైన నెమ్మదిగా వెచ్చబెడతాం. అలాంటి బిడ్డ ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా కనిపించొచ్చు. చల్లబడ్డ రక్తం ఆక్సిజన్‌ను కణజాలానికి వదలదు, అందుకే ఆ ఎరుపు. రంగు చూసి మోసపోవద్దు.

రోహిణి (సామాజిక ఆరోగ్య అధికారి, పల్నాడు) · మధ్యాహ్నం 1:15

రెంటచింతల ఎండల గురించి ఎవరూ మాట్లాడలేదు. గది వేడి బిడ్డ ఒంటి వేడిని దాటేశాక అన్ని దారులూ తిరగబడతాయి. గోడల నుంచి, రేకుల కప్పు నుంచి బిడ్డకే వేడి వస్తుంది. చెమట పట్టే శక్తి తక్కువ, నెలలు నిండనివాళ్లకు మొదట్లో అసలే పట్టదు. అయినా మేలో టోపీ, స్వెటర్, సాక్సులతో కనిపిస్తారు. 37.5 దాటితే పొరలు తీసి, చల్లని గదికి మార్చి, తరచూ పాలివ్వాలి. నీళ్లు పట్టకూడదు. చన్నీళ్లతో, ఐస్‌తో తుడవకూడదు.

ఎండ వేడా, జ్వరమా అన్నది పాదమే చెబుతుంది. పాదం కూడా పొట్టలాగే కాలుతూ, ఒళ్లు చాపుకుని పడుకుంటే బయటి వేడి. పొట్ట కాలుతూ పాదం చల్లగా ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానం. పొరలు తీశాక గంటలో దిగకపోయినా, 38 ఉన్నా ఆస్పత్రికి. మూడు, నాలుగో రోజున పాలు చాలక కూడా వేడి వస్తుంది, బరువు, మూత్రం చూడాలి.

ముర్రుపాలు · మధ్యాహ్నం 1:40

ఒక చిన్న ప్రశ్న. చంకలో 36.6, అదే నిమిషంలో నుదుటి గన్‌లో 35.9 వస్తే ఏది రాయాలి?

స్క్రూడ్రైవర్ · మధ్యాహ్నం 1:52

చంకది. గన్ చూసేది నుదుటి చర్మం పైపొరను. టోపీ తీసిన క్షణం, ఏసీ గాలి, తడి, దూరం, అన్నీ దాన్ని మారుస్తాయి. ఛార్టులో అంకె పక్కన 'చంక' అని, టైము కూడా రాయండి. తర్వాతి డ్యూటీవాళ్లు కూడా అక్కడే కొలవాలి కదా.